ధారావాహిక మధ్యలో సవరణ: రచయిత హక్కు, పాఠకుని జ్ఞాపకం

పత్రికల్లో ధారావాహికగా వెలువడిన నవలకు సాధారణంగా రెండు రూపాలుంటాయి. ఒకటి సంచికల్లోది, మరొకటి గ్రంథంలోది. ఈ రెంటి మధ్య కనిపించే పాఠాంతరాలను గుర్తించి చర్చించడం మనకు అలవాటే. అంతర్జాలంలో భాగాలుగా వెలువడే కథకు ఈ విభజన లేదు. ఇరవయ్యో భాగం రాస్తున్న రచయిత మూడో భాగాన్ని సవరిస్తే, దాన్ని ఎన్నడో చదివి కథ వెంట వస్తున్న పాఠకునికి ఆ సంగతి తెలియదు. అతడు చదివిన పాఠం ఇప్పుడెక్కడా ఉండదు. ఇలా మార్చే హక్కు రచయితకు ఉన్నదా?

అంతర్జాలానికి చాలా ముందే ఈ ప్రశ్న డికెన్స్‌కు ఎదురైంది. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' 1849 మే నుంచి 1850 నవంబరు వరకు మాసభాగాలుగా వచ్చింది. 1849 డిసెంబరు భాగంలో, 22వ అధ్యాయంలో, మిస్ మౌచర్ అనే మరుగుజ్జు స్త్రీ ప్రవేశిస్తుంది. కేశాలంకరణ ఆమె వృత్తి. వాచాలత, వెకిలితనం కలిసిన ఆ హాస్యపాత్ర నడవడి మీద అనుమానం కలిగేటట్లే చిత్రణ సాగింది. డికెన్స్ ఇంటి సమీపాన నివసించే ఒక స్త్రీ ఆ పాత్రలో తన రూపాన్ని గుర్తుపట్టి, తన వేదనను ఉత్తరంలో తెలిపింది. డికెన్స్ ఆమె పోలికలు కొంత వాడుకున్నట్లు అంగీకరించి, పాత్ర గతిని మార్చాడు. 32వ అధ్యాయంలో మౌచర్ దుఃఖంతో తిరిగి వచ్చి, దేహలోపాన్ని బట్టి మనసును తూచవద్దని డేవిడ్‌ను మందలిస్తుంది.

డిసెంబరు భాగం అప్పటికే పాఠకుల చేతుల్లో ఉంది. దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు గనుక, డేవిడ్ ఆమెను తప్పుగా చూశాడన్నదే కథలో అంశమైంది. అతనితోపాటు నవ్విన పాఠకుడికీ ఆ మందలింపు తగిలింది. 22వ అధ్యాయాన్ని చెరిపివేసే అవకాశమే ఉండి ఉంటే ఆ నవ్వూ పోయేది, దానికి జవాబు చెప్పవలసిన అవసరమూ పోయేది.

అయితే ఈ వాదం పాఠకుని పక్షాన నిలిచి చేసింది. ఆ స్త్రీ పక్షాన నిలిస్తే మరొకలా ఉంటుంది. 32వ అధ్యాయం ఆమెకు గౌరవం తిరిగి ఇచ్చింది కాని, ఆమెను నొప్పించిన అధ్యాయం పుస్తకంలోనూ నిలిచింది. బతికి ఉన్న మనిషికి ప్రతి పఠనంలోనూ గాయం తగులుతున్నప్పుడు ఆ భాగాన్ని తొలగించడమే న్యాయమని నా అభిప్రాయం. కళాప్రయోజనం ఆమె బాధ కంటే గొప్పదని నేను అనలేను. కాకపోతే తొలగించిన సంగతిని అక్కడే చెప్పాలి. చెప్పకుండా తొలగిస్తే రచయిత తన తప్పునే కాక, పాఠకుని సాక్ష్యాన్ని కూడా చెరిపినవాడవుతాడు.

అన్ని సవరణలకూ ఇంత బరువు లేదు. ఆండీ వీర్ 'ది మార్షియన్'ను తన వెబ్‌సైట్‌లో అధ్యాయాలుగా పెడుతూ, పాఠకులు చూపిన శాస్త్రీయ దోషాలను దిద్దుకున్నాడు. లెక్క సరిచేసినంత మాత్రాన ఎవరూ మోసపోరు. ఒక పాత్రను ప్రేమించడానికో ద్వేషించడానికో పాఠకునికి ఆధారమైన వాక్యాన్ని మార్చినప్పుడే చిక్కు. అతడు ఇచ్చుకున్న తీర్పు మిగులుతుంది, ఆధారం మాయమవుతుంది.

పరిశోధకులకు ఇందులో మరొక నష్టం ఉంది. 'కన్యాశుల్కం' 1897 నాటి తొలి ముద్రణ, 1909 నాటి మలి ముద్రణ రెండూ నిలిచి ఉన్నందువల్లనే, గురజాడ తన రచనను ఎంతగా తిరగరాశాడో మనం చూపగలుగుతున్నాం. గుట్టుగా మార్చిన అంతర్జాల కథ తొలి పాఠం కొందరు పాఠకుల జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. ఆధారం చూపమంటే వారి దగ్గర ఏ ప్రతీ ఉండదు.