వినే చెవి

బడులు మూతపడ్డ 2020లో, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ సర్కారు బడి పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చాయి. సంతోషమే. కానీ టీవీకి నోరే తప్ప చెవులు లేవు కదా! పిల్లవాడు "అర్థం కాలేదు" అంటే వినేదెవరు?

అబిడ్స్ జగదీష్ మార్కెట్లో ఫోను కొనుక్కోవచ్చు. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకమూ దొరుకుతుంది. వినే చెవి మాత్రం ఏ దుకాణంలోనూ అమ్మరు.

చదువుకున్న తండ్రి ఒకాయన పరీక్షవేళ కెమెరాకు కనపడకుండా కొడుక్కి జవాబు అందిస్తాడు. ప్రేమతోనే లెండి. అయినా అది సాయమంటారా? పిల్లవాడికి ఆకలేస్తే మనం భోంచేసినట్టుంది! నాంపల్లిలో ఏ ఒంటిగది ఇంట్లోనో అక్షరం రాని తల్లి కూర గిన్నె దించి, "ఏం చెప్పార్రా? నాకూ జెప్పు" అంటుంది. ఆమెకు చెప్పబోయి వాడు ఎక్కడ తడబడ్డాడో, అక్కడే వాడికి పాఠం రాలేదన్నమాట. ఆ సంగతి ముందు వాడికే తెలుస్తుంది. ఇక రేపు ఎవర్ని ఏమడగాలో వాడికి తెలుసు.

ఫోనూ టీవీ లేని ఇంటికి ఈ ప్రశ్నొక్కటే చాలదు, నిజమే. అన్నీ ఉన్న ఇంట్లో కరువయ్యేదీ ఇదే.

బడులు ఎప్పుడో తెరిచారు. "ఏం చెప్పార్రా?" అని మనం ఇంకా అడుగుతున్నామా? "ఎన్నొచ్చాయిరా?" అనేనా?