ధూళి తెచ్చిన దుఃఖములో తోడెవరు?

దుఃఖించువారి యింటికి వెళ్లుట సులభము. వెళ్లిన తరువాత ఏమి పలుకవలెనో తెలిసికొనుటయే కష్టము. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనితోకూడ నేలమీద కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచి, అతనియందే ఏదో దోషమున్నదని వాదింప మొదలుపెట్టిన తరువాతనే చెడిరి. కాపరులమైన మేమును ఆ ముగ్గురి ప్రక్కన కూర్చుండిన దినములు లేకపోలేదు.

ఆస్బెస్టాసు ధూళివలన కలుగు వ్యాధులలో ఈ కష్టము మరి యెక్కువ. రాతినార అనికూడ పిలువబడు ఈ రాయి నారవలె విడిపోవును. కంటికి కానరానంత సన్నని ఆ తునకలు ఊపిరితో లోపలికిపోయి అక్కడనే నిలిచిపోవును. ఊపిరితిత్తులు గట్టిపడుట, ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి పైపొరకు పట్టు మెసోథెలియోమా అను క్యాన్సరు దీనివలన వచ్చును. అదియు వెంటనే కాదు. ఇరువది, ముప్పది, నలువది యేండ్లకు బయటపడును. అప్పటికి తోడి కూలీలు తలొక ఊరు చేరియుందురు. ఇది అంటువ్యాధి కాదుగాని, పనివాని బట్టలు దులిపి ఉతికిన భార్యయు ఆ ధూళినే పీల్చును. కాబట్టి ఆ యింట ఒక ప్రశ్న పుట్టును: ఈ మరణమును ఇంటికి మోసికొని వచ్చినది నేనేనా?

ఈ ప్రశ్నకు బయటివారి ఓదార్పు చాలదు. దైవచిత్తమని చెప్పినయెడల మనుష్యులు చేసినదానిని దేవునిమీదికి నెట్టినవారమగుదుము. నీ తప్పేమియు లేదనినను, వీరికేమి తెలియునని ఆమె మనస్సులో అనుకొనును. అదే మాట తన భర్త బట్టలను తానును ఉతికిన మరియొక విధవరాలు చెప్పినచో నమ్మును.

ఇటలీ దేశములో కసాలె మొన్‌ఫెర్రాటో అను పట్టణమున్నది. అక్కడ 1907 నుండి 1986 వరకు ఎటర్నిట్ అను ఆస్బెస్టాసు సిమెంటు కర్మాగారము నడిచెను. అందులో పనిచేసిన రొమానా బ్లాసొత్తి భర్త 1983లో మెసోథెలియోమాతో మరణించెను. తరువాత ఆమె తోబుట్టువును, మరి యిద్దరు బంధువులును, 2004లో కుమార్తెయు అదే వ్యాధితో పోయిరి. వీరెవ్వరును ఆ కర్మాగారములో పనిచేసినవారు కారు. ఆమె తలుపు వేసికొని కూర్చుండలేదు. బాధిత కుటుంబముల సంఘమునకు అనేక సంవత్సరములు అధ్యక్షురాలుగానుండి, 2024లో కన్నుమూసెను. 2012లో ట్యూరిన్ న్యాయస్థానము కర్మాగారపు పెద్దలిద్దరికి 16 ఏండ్ల శిక్ష విధించెను. 2014లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము కాలపరిమితి దాటినదని ఆ కేసును కొట్టివేసెను.

అట్లయిన వారు కూడుకొనుట వ్యర్థమాయెనా? నేనట్లు తలంపను. ఒక యింటిలో మూసిపెట్టిన దుఃఖము తన్ను తానే నిందించుకొనును. పది యిండ్లవారు కూడినప్పుడు, ఇది ప్రమాదమని యెవరికి తెలియును, మాకేల చెప్పలేదు అని అడుగును.

మన కడప జిల్లా పులివెందుల ప్రాంతములోను ఒకప్పుడు ఈ గనులుండెను. విదేశములనుండి వచ్చు ఆస్బెస్టాసుతో సిమెంటు రేకులు మన దేశములో నేటికిని తయారగుచున్నవి. మన యిండ్లలో అనేకముల కప్పు అవే. (వాటిని కోయునప్పుడు, పగులగొట్టునప్పుడు లేచు ధూళికి పిల్లలను దూరముంచుడి.) ఈ పనివారి ఆరోగ్య వివరములను 40 సంవత్సరములు, లేదా పని విడిచిన తరువాత 15 సంవత్సరములు, ఏది తరువాత వచ్చునో అంతవరకు భద్రపరచవలెనని 1995లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. అట్టి కాగితములు ఉండవలెనని ఎన్ని కుటుంబములకు తెలియును?

మీ సంఘములో ఇట్టి పనిచేసి ఆయాసపడు పెద్దలున్నయెడల, వైద్యునితో ఆ పాత పని సంగతియు చెప్పించుడి. ఆయనతోకూడ పనిచేసినవారు ఇప్పుడే యూళ్లలో ఉన్నారో అడిగి వ్రాసికొనుడి. ఒకరి యింటికి ఆయన భార్యను తీసికొని వెళ్లుడి. ఆ యింటి స్త్రీయు ఆమెయు లోపల మాటలాడుకొందురు. మనము అరుగుమీద కూర్చుందము.