కల్లుకుండయు రాజ్యధర్మమును

రాజ్యములు కత్తివాదరకే తలవంచునని పలువురు తలంతురు. కల్లుకుండకు తలవంచిన ప్రభుత్వ మొకటి మన యాంధ్రదేశముననే కలదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రియు, మన యనంతపురము జిల్లావారగు నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రియునైరి. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించిన మద్యనిషేధము, తండ్రి యాస్తితో వచ్చిన యప్పువలె, నూతనరాష్ట్రమునకు సంక్రమించెను. నిషేధమువలన కులవృత్తి కోల్పోయిన గీతకార్మికుల పక్షమున గౌతు లచ్చన్నగారు పోరాడిరి. 1954 నవంబరు 6వ తేదీన ఈ మద్యనిషేధ విషయముననే అవిశ్వాసతీర్మానము ఒక్క వోటు తేడాతో నెగ్గెను. పదునాలుగు మాసములైనను నిండని మంత్రివర్గము కూలెను.

ఇందు ధర్మ మేపక్షమున నుండెను?

పానము ప్రాచీనమైనది గావున నిర్దోషమని కొందఱందురు. సుమేరు దేశీయులు యవలతో బీరు కాచి దేవతలకు నివేదించిరి. 1620లో అమెరికా చేరిన ఆంగ్లయాత్రికులు ఓడలో బీరు తఱిగిపోవుట తమ దినచర్యయందు వ్రాసికొనిరి. నిజమే. కాని ప్రాచీనత వయస్సును దెలుపును గాని యోగ్యతను దెలుపదు. దాస్యమును ప్రాచీనమే గదా! మద్యమత్తులై తమలో తాము కొట్టుకొని నశించిన యాదవుల కథయు ప్రాచీనమే.

అట్లని నిషేధశాసన మొక్కటియే ధర్మమగునా? బెళుగుప్ప సీమను దలంపుడు. వానలు తప్పి వేరుసెనగ యెండినను, వంకగట్టున ఈతచెట్టు పచ్చగానే నిలుచును. ఆ చెట్టే యీడిగవానికి చేను. దానిని చట్టముచే మూసి, వానికి వేఱొక జీవనోపాయము చూపనిచో, ఒకని నీతికొఱకు వేఱొకని కూడు లాగికొనుటయే యగును. చెట్టును విడిచిపెట్టినచో, కఱవునాటి కూలిడబ్బు ఇల్లు చేరకమున్నే ముంతలో కరఁగును. పొయ్యి వెలుగని యింట తల్లియు బిడ్డలును పస్తుందురు. ఈ రెండు దుఃఖములును సత్యములే. ఒకదానిని జూచి రెండవదానికి కన్నులు మూసికొన్నవాఁడు సంస్కర్త కాఁజాలఁడు.

ఈ రెండింటినడుమ నిలిచి లాభమందునది మూడవది కలదు: అది రాజ్యపు బొక్కసము. ఆంగ్లప్రభుత్వము అబ్కారీపాటలు పాడించి పన్ను గైకొనెను. స్వరాజ్యమున నేమైనది? 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట మొదలుగా స్త్రీలు సారాపై తిరుగఁబడిరి, 1993లో సారా నిషిద్ధమయ్యెను, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో తొలఁగెను. తొలఁగించుటకు చెప్పిన హేతువులలో బొక్కసపు లోటు ముఖ్యమైనది. ప్రజల త్రాగుడుపై బ్రదుకు ప్రభుత్వము ప్రజల మితమును మనసార కోరఁజాలదు. తన యాదాయము తగ్గవలెనని యెవ్వఁడు కోరును?

కావున ధర్మ మిట్లు తోఁచుచున్నది. గీతగాని పొట్ట నింపుట మొదటిది, మద్యాదాయముపై ఆశ విడుచుట రెండవది, నిషేధము మూడవది. ఈ వరుస తప్పుటచేతనే 1954లో మంత్రివర్గమును, 1997లో శాసనమును పడిపోయినవి.

చదువరులారా, కూలివానికి నీతి బోధించుటకు ముందు మన యిండ్లలో సీసాలున్నవేమో చూచుకొందము. కుండలోనిది పాపమును, సీసాలోనిది నాగరకతయు నగునా?