అంగడినుండి విస్తరి వరకు

భోజనప్రియుడు తొలుత అభ్యసింపవలసిన విద్య వంటయింటిలో గాక అంగడిలోనే యున్నదని నా దృఢవిశ్వాసము. వంకాయల గంప ముందు నిలిచినపుడు, నిగనిగలాడు చర్మమును, వాడని పచ్చని తొడిమయు కలిగి, వ్రేలితో నొక్కిన చోటు వెంటనే పూర్వరూపమును పొందునట్టి లేత కాయనే గ్రహింపవలెను. పురుగు తొలిచిన సన్నని రంధ్రము కొరకు కాయను నలుదెసల త్రిప్పి చూచుటకు సంకోచింపరాదు. గింజ ముదిరి, వన్నె తఱిగిన కాయ యెంత నూనె పోసినను చేదు విడువదు.

కోసిన కాయ గాలి సోకినంతనే నల్లబడును గనుక ఉప్పునీటిలో వేయుట మన గృహిణు లెరిగినదే. గుత్తివంకాయకు మాత్రము, తొడిమ తీయక నాలుగుగా చీల్చి, వేయించిన ధనియాలు, సెనగపప్పు, ఎండుమిరపకాయలు, కొబ్బరి, కొంచెము చింతపండు చేర్చి నూరిన కారమును కూరి, సన్నని సెగపై మూతపెట్టి ఓపికతో మగ్గనిచ్చుటలోనే రుచి సర్వస్వమును ఇమిడి యున్నది. నీరు పోసి త్వరపెట్టువారికి కూర దక్కును గాని, ఆహా, ఆ పరిమళము దక్కదు!

ఇక బయట భుజింపవలసి వచ్చినచో, ఆ ఫలహారశాలలో పదుగురును అడుగుచున్న వంటకమునే కోరుడు. వెంటవెంటనే చెల్లిపోవునది నిలువయుండదు. పెసరట్టును పొట్లము కట్టించుకొని పోయినచో ఆవిరికి మెత్తబడును గాన, పెనము దిగిన క్షణముననే, అల్లపు పచ్చడిని మారు వడ్డింపుమని అడిగియైనను, అక్కడనే ఆరగింపుడు.