పూలు రాలినా పిందె పోదు

జ్యేష్ఠం వచ్చింది. ఏ దేవుడికి ఏ వారం ఎన్ని ప్రదక్షిణలు చేస్తే ఏం కలిసొస్తుందో చెప్పే వీడియోలు ఫోన్లలో మళ్ళీ జోరందుకున్నాయి. స్తోత్రాల పుస్తకం చేతికిస్తే చాలామంది ముందు చివరి పేజీ తిప్పుతున్నారు. ఫలశ్రుతిలో తమకు కావలసింది ఉంటే సరే. లేదంటే అది మూసి ఇంకొకటి వెతుకుతారు. పూజగదిలో కూర్చున్నామా, కొట్లో ధరల పట్టీ ముందు నిలబడ్డామా?

మనం ఈ లెక్కల్లో ఉండగా, ఇంచుమించు ఇదే రోజుల్లో జపాన్‌లో సత్సుకి అజేలియాలు పూస్తాయి. అక్కడ వీటిని లోతు తక్కువ కుండీల్లో బోన్సాయ్‌గా పెంచుతారు. ఈ మోజు కొత్తది కాదు. 1692లోనే ఇతో ఇహేయి అనే మొక్కల వ్యాపారి అజేలియా రకాల మీద అయిదు సంపుటాల పుస్తకం వేశాడు. కొన్ని రకాల్లో ఒకే చెట్టుకు తెల్లపువ్వు, గులాబీపువ్వు, చారలపువ్వు కలిసి పూస్తాయి. నిండుగా పూసినప్పుడు ఆకు కనబడదు.

పెంచడం మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. వేళ్ళు మరీ సన్నం, పైపైనే ఉంటాయి. మట్టి ఎండిందంటే చెట్టు కోలుకోవడం కష్టం. అందుకే కనుమా అనే ఊరి పేరుతో దొరికే పుల్లటి గుణమున్న అగ్నిపర్వతపు మట్టి వాడతారు. తడిగా ఉన్నంతసేపూ అది పసుపుపచ్చగా ఉంటుంది, ఆరితే తెల్లబడుతుంది. సున్నం ఎక్కువున్న నీళ్ళు ఈ మొక్కకు పడవు. వాననీళ్ళు పట్టి పోసేవాళ్ళున్నారు. పూత మీద మాత్రం నీళ్ళు పడనివ్వరు, రేకులకు మచ్చలొస్తాయి.

ఇదంతా ఒక ఎత్తు, పూత అయిపోయాక చేసేది ఒక ఎత్తు. వాడిన పువ్వును పట్టుకు లాగితే రేకులు ఇట్టే ఊడొస్తాయి. కొమ్మ శుభ్రపడినట్టే కనిపిస్తుంది. కానీ తొడిమె దగ్గర పువ్వు నడిమి సన్నటి కాడ, కీలం, నిక్కబొడుచుకుని ఉంటుంది, దాని అడుగున పచ్చటి బుల్లి పిందె ఉంటుంది. దాన్ని వదిలేస్తే చెట్టు తన బలమంతా గింజ కట్టడానికి ధారపోస్తుంది. కనుక పెద్ద చెట్టయితే వందలకొద్దీ పిందెల్ని ఒక్కొక్కటే వేలితో గిల్లాలి. కత్తిరింపు కూడా అప్పుడే. ఆలస్యం చేస్తే కుదరదు, వచ్చే ఏటి మొగ్గలు ఆ వేసవిలోనే రూపుకడతాయి.

మన వైరాగ్యమంతా రేకులు లాగడం దగ్గరే ఆగిపోతోందని నా అనుమానం. ‘నాకేం వద్దు స్వామీ, నీ దయ చాలు’ అంటాం. ఆ వెంటనే పిల్లాడి వీసా గుర్తొస్తుంది. అన్నదానం చేస్తాం, బోర్డు మీద మన పేరు ఎన్నో వరుసలో ఉందో చూస్తాం. ప్రహ్లాదుడికి ఈ పిందె సంగతి బాగా తెలుసు. నరసింహస్వామి వరం కోరుకోమంటే, కోరికతో కొలిచేవాడు భక్తుడెలా అవుతాడు, వర్తకుడు కదా అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు, అసలు కోరికే మొలకెత్తకుండా చేయమని అడిగాడు. ధ్రువుడు అడిగింది పొందాక, ఇంత చిన్నదా నేనడిగింది అని వగచాడు. అయిదేళ్ళవాడికే సిగ్గేసింది, మనకు అరవై దాటినా వేయదు.

నీరసపడ్డ చెట్టయితే కొందరు పూయకముందే మొగ్గలన్నీ గిల్లేస్తారు. ఆ ఏడు అందరి చెట్లూ పూస్తాయి, ఇదొక్కటి పచ్చగా ఊరకే ఉంటుంది. చూడవచ్చినవాళ్ళకు చూపించడానికేమీ ఉండదు. ఒక్క ఏడాది ఫొటో పెట్టకుండా కార్తీక దీపం వెలిగించగలమా మనం?

ఈ శీర్షికకు ఉత్తరాలు రాసేవారికి మనవి. ఏది ఎన్నిసార్లు చదివితే ఏమొస్తుందని అడుగుతున్నారు. ఆ పట్టిక నా దగ్గర లేదు. రాశిఫలాలు పక్క పేజీలో ఉన్నాయి.