అడ్డునిలిచిన అద్దము

అహంకారము పూర్తిగా నశించినగాని భగవదనుభవము కలుగదని పెద్దలందురు. కాని సంసారభారమును మోయు గృహస్థునకు "నేను" అను భావమును బొత్తిగా విడుచుట సాధ్యమా?

ఈ సందేహమునకు ఒక చిన్న దూరదర్శిని నాకు సమాధానమిచ్చినది. క్రొత్తగా ఆకాశమును పరిశీలించువారికి తగిన ఆ యంత్రము 1668లో న్యూటన్ అనుసరించిన పద్ధతిలోనిదే. గొట్టము అడుగున 114 మిల్లీమీటర్ల వ్యాసముగల పుటాకార దర్పణము నక్షత్రకాంతిని కూడగట్టును. పైభాగమున 45 డిగ్రీల వాలున నిలిచిన చిన్న అద్దము ఆ కాంతిని ప్రక్కకు మళ్లించి కంటికి అందించును. వచ్చు వెలుగునకు అది కొంత అడ్డే; అయినను అది లేనిదే దర్శనము లేదు.

ఒక రాత్రి శనిగ్రహ వలయము మసకగా కనబడగా పెద్ద దర్పణమును నిందించితిని. తీరా చూడగా చిన్న అద్దమే వాలు తప్పియున్నది. సరిచేయగానే వలయము స్పష్టమైనది.

మన "నేను" కూడ అట్టిదే. అది పెరిగినకొలది వెలుగు తగ్గును. గతి తప్పినచో దర్శనము చెడును. దానిని పగులగొట్టనక్కరలేదు. చిన్నదిగా ఉంచి, వినయముతో తగినంత వంచి, అందిన వెలుగును పరులకు అందించిన చాలును. దైవము కనబడలేదని నిందించుటకు ముందు మన చిన్న అద్దమును సరిచూచుకొందము గాక!