భూదేవి ఋణము – ప్రాయశ్చిత్తము

ప్రాతఃకాలమున శయ్య విడిచి, పాదము నేలపై మోపుటకు ముందు భూదేవిని క్షమాపణ వేడుకొనుట మన గృహములలో పరంపరగా వచ్చుచున్న ఆచారము. శ్రీమన్నారాయణుని దేవేరిపై కాలు మోపుటకే ఇంతగా వెఱచు మనము, ఆమె గర్భమును త్రవ్వి ఖనిజము తీసికొని, పిమ్మట ఆ గుంటపై మొక్కలు నాటినచో ఆ అపచారము తొలగునా? ఇది ఎక్కడివారి ప్రశ్నయో కాదు. మన వంటింటి అల్యూమినియము గిన్నె ఏదో ఒక కొండ శిఖరమునుండి వచ్చినదే.

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాయందలి పంచపట్‌మాలి అట్టి కొండ. 1981లో స్థాపింపబడిన నాల్కో సంస్థ అచ్చట బాక్సైటు త్రవ్వుచున్నది. దానినుండి చేసిన అల్యూమినా మన విశాఖ రేవునుండియే ఓడల కెక్కుచున్నది. సుమారు 3 మీటర్ల పై పొర క్రింద, సుమారు 14 మీటర్ల మందమున ఖనిజము కలదు. పైమట్టిని ముందు వేరుగా తీసి, ఖనిజము తీసిన పల్లమును పనికిరాని రాతితో పూడ్చి, మరల మట్టి పఱచి మొక్కలు నాటుట పద్ధతి. త్రవ్వి వదలిన గుంటలను చూచినవారు దీనిని తేలికగా తీసివేయరు. ఎండలో ఆ మట్టిని పఱచు కూలివాని పని భూదేవీ కైంకర్యమే యని నా తలంపు.

అయినను పైమట్టి వట్టి ధూళి కాదు. గడ్డి విత్తనములు, వేళ్ళు, కంటికి కానరాని అసంఖ్యాక జీవులు అందు వసించును. ఏండ్ల తరబడి కుప్పగా పోసి యుంచినచో ఆ జీవము క్షీణించును. వెంటనే పఱచినచో చాలవరకు నిలుచును. ఇచ్చట జాగు చేయుటయే హింస. మఱియొక విశేషము: తూర్పు కనుమలలోని బాక్సైటు శిఖరములు పెక్కు సహజముగా గడ్డి బయళ్ళే. అచ్చట త్వరగా ఎదుగు చెట్లను వరుసలుగా నాటి, అడవిని మరల తెచ్చితిమనుట పోయినదానిని ఇచ్చుట కాదు. రంధ్రమయమైన ఆ రాతిపొర వాననీటిని పీల్చి వేసవిలో ఊటలుగా విడుచుచుండెడిది. ఆ పొర ఓడ యెక్కిపోయినది.

విశిష్టాద్వైతమున జగత్తంతయు శేషము, భగవానుడు శేషి. అనగా భూమి మన సొత్తు కాదు, మనయొద్ద నుంచిన న్యాసము. ఒకడు దాచుమని యిచ్చిన బంగారు హారమును కరగించి, అదే ఆకారముగల ఇత్తడి హారమును తిరిగి యిచ్చినచో న్యాసము తీరినదందుమా? ఏమియు ఈయకుండుటకన్న మేలే. కాని ఇత్తడి యిత్తునను ధీమాతో రెండవ హారమును కరగింపరాదు. ప్రాయశ్చిత్తము చేసికొందునులే యని ముందే తలచి పాపము చేయువానికి ఆ ప్రాయశ్చిత్తము ఫలింపదు గదా.

ఆలయములు సైతము కొండరాతితో కట్టినవే కదా యని కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పద్మనాభమున అనంత పద్మనాభస్వామి సన్నిధికి వేయికి మించిన మెట్లున్నవి, అవియు శిలలే. కాని ఆ కొండ నేటికిని కొండగానే యున్నది, కార్తిక అమావాస్యనాడు దీపములతో వెలుగుచున్నది. కొండనుండి కొంత తీసికొనుట వేఱు, కొండనే తీసికొనుట వేఱు.

పద్మనాభ ప్రాంతమునకు చేరువగా పాఱు గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలగుండ సాగి, భీమునిపట్నమున సముద్రమున కలియును. ఆ బొర్రా ప్రాంతపు గిరిజన గ్రామములలోని గనుల కౌలు విషయమున 1997లో సమతా వ్యాజ్యమందు సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది. గిరిజనేతరులకు అట్టి భూములను కౌలుకిచ్చుట చెల్లదని చెప్పుటయే గాక, గని లాభములో కనీసము 20 శాతము ఆ ప్రజల నీరు, విద్య, వైద్యములకై ఉంచవలెననియు, అడవుల పెంపకపు ఖర్చు దానిలో చేరదనియు న్యాయస్థానము పేర్కొన్నది. చెట్ల ఋణము వేఱు, మనుష్యుల ఋణము వేఱు అన్నమాట. నాటిన మొక్కల సంఖ్య ఫలకముపై వ్రాయుదురు. చైత్ర వైశాఖములలో ఆ కొండ క్రింది ఊట పాఱుచున్నదా లేదా యన్నది మాత్రము కడవ యెత్తుకొని పోవు స్త్రీ నడిగి తెలిసికొనవలసినదే.